వీఏఆర్ రివ్యూ: గీతలు గియ్యడం వచ్చింది, నోరు విప్పడం ఇంకా రాలేదు

ఫోన్లకీ మిక్సీలకీ రివ్యూలు రాస్తుంటారు కదా, నేను ఒక సర్వీస్‌కి రాస్తున్నా. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో వాడే వీఏఆర్, అంటే గదిలో కూర్చుని వీడియో చూసి గ్రౌండ్‌లో రిఫరీకి చెవిలో చెప్పే సిస్టమ్, దాంతోపాటు దాన్ని నడిపే రిఫరీల సంస్థ పీజీఎంఓఎల్. 2019-20 సీజన్‌లో మొదలైంది, ఆరు సీజన్లు పూర్తిగా చూశా. గుంటూరులో మెడికల్ షాపు నాది, షట్టర్ దించి ఇంటికొచ్చి రెండు ముద్దలు తినేసరికి పది, సరిగ్గా అక్కడ సాయంత్రం మ్యాచ్ మొదలయ్యే టైమ్. డబ్బు కట్టి సబ్‌స్క్రిప్షన్ తీసుకుని నిద్ర మానుకుని చూసేవాడిని కాబట్టి నేనూ కస్టమర్‌నే. ఇంకోటి కూడా ముందే చెప్పేస్తున్నా, నేను లివర్‌పూల్ మనిషిని, అది దాచిపెట్టి రాస్తే మోసం అవుతుంది.

నా రేటింగ్ 5కి 2.5.

ముందు బాగున్న దాని గురించి చెప్తా, ఎందుకంటే అది నిజంగా బాగుంది. గోల్‌లైన్ టెక్నాలజీ. ఇది వీఏఆర్ కంటే ముందే, 2013-14లోనే ప్రీమియర్ లీగ్‌కి వచ్చింది. 2010 వరల్డ్ కప్‌లో జర్మనీ మీద ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి బార్‌కి తగిలి గీత దాటి ఎంతో లోపల పడ్డా గోల్ ఇవ్వలేదు, ఆ దెబ్బతోనే దీనికి దారి పడింది. ఒక్కో గోల్ వైపు 7 కెమెరాలు ఉంటాయి, బంతి మొత్తం గీత దాటితే ఒక సెకను లోపు రిఫరీ చేతి వాచ్ వణుకుతుంది, అంతే, ఇంక వాదనే లేదు. 2019 జనవరి 3న మాంచెస్టర్ సిటీ గ్రౌండ్‌లో మా మ్యాచ్, స్కోరు 0-0, మా మానే షాట్ పోస్టుకి తగిలింది, తిరిగొచ్చిన బంతిని సిటీ డిఫెండర్ జాన్ స్టోన్స్ తన్నబోతే అది వాళ్ళ కీపర్‌కే తగిలి గోల్‌లోకి వెళ్ళిపోతోంది, స్టోన్స్ వెనక్కి పరుగెత్తి గీత మీద నుంచి తన్నేశాడు. బొమ్మ వేసి చూపించారు, గోల్ అవ్వడానికి ఇంకా 11 మిల్లీమీటర్ల చిల్లర మిగిలింది. మన పారాసిటమాల్ బిళ్ళ వెడల్పు అంత. ఆ మ్యాచ్ 2-1తో ఓడాం, సీజన్ చివర్లో సిటీకి 98, మాకు 97, ఒక్క పాయింట్ తేడాతో టైటిల్ పోయింది. ఏడుపొచ్చింది నిజంగా. కానీ ఆ నిర్ణయం తప్పని ఈ రోజు వరకూ ఒక్క లివర్‌పూల్ అభిమాని అనగా నేను వినలేదు. ఎందుకంటే చూపించారు, బంతి ఎక్కడుందో గీత ఎక్కడుందో మా కళ్ళతో మేం చూశాం.

ఆ సిస్టమ్ కూడా ఒకసారి ఫెయిలైంది. 2020 జూన్ 17న, కోవిడ్ బ్రేక్ తర్వాత మొదటి మ్యాచ్, ఆస్టన్ విల్లా కీపర్ బంతి పట్టుకుని తానే గీత లోపలికి వెళ్ళిపోయాడు, 7 కెమెరాలకీ మనుషులు అడ్డమొచ్చారు, వాచ్ వణకలేదు, షెఫీల్డ్ యునైటెడ్‌కి గోల్ రాలేదు, 0-0. వీఏఆర్ కూడా కలగజేసుకోలేదు. చివరికి విల్లా 35 పాయింట్లతో బతికిపోయింది, 34 ఉన్న బోర్న్‌మత్ కింది లీగ్‌కి దిగిపోయింది. బోర్న్‌మత్ వాళ్ళకి అది ఎంత మంటో నాకు అర్థమవుతుంది. అయినా ఆ టెక్నాలజీ నడిపే హాక్‌ఐ వాళ్ళు వెంటనే బయటికొచ్చి కెమెరాలకి అడ్డం పడింది, తప్పు మాదే, క్షమించండి అన్నారు. దాంతో ఆ సిస్టమ్ మీద నమ్మకం పోలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ ఇక్కడికే వస్తా.

ఇప్పుడు అసలు వీఏఆర్. నాకు దీనితో పరిచయం 2018 వరల్డ్ కప్ ఫైనల్‌లో, ఫ్రాన్స్ క్రొయేషియా మ్యాచ్, పెరిసిచ్ చేతికి బంతి తగిలింది, రిఫరీ పిటానా సైడ్‌కి వెళ్ళి స్క్రీన్ చూసి వచ్చి పెనాల్టీ ఇచ్చాడు. అప్పుడు అనుకున్నా, బాగుందే, మన క్రికెట్‌లో థర్డ్ అంపైర్ లాంటిదే కదా అని. కానీ దగ్గర్నుంచి వాడితే తెలుస్తుంది తేడా. క్రికెట్‌లో థర్డ్ అంపైర్ మాట్లాడే ప్రతి మాటా మనకి టీవీలో వినిపిస్తుంది, అల్ట్రాఎడ్జ్ చూపించు, బాల్ ట్రాకింగ్ వెయ్యి, ఇంకో యాంగిల్ ఉందా, ఇలా ఒక్కో మెట్టు మనతో పాటే ఎక్కుతాడు. మా అమ్మకి క్రికెట్ రూల్స్ సగం తెలీవు, అయినా ఇంపాక్ట్ అంపైర్స్ కాల్ అని తనే ముందు చెప్పేస్తుంది. ఫుట్‌బాల్‌లో అలా కాదు, స్క్రీన్ మీద చెకింగ్ అని ఒక ముక్క పడుతుంది, ఆటగాళ్ళు నడుం మీద చేతులేసుకుని నిలబడతారు, రెండు నిమిషాలకో మూడు నిమిషాలకో రిఫరీ చేత్తో టీవీ బొమ్మ గీస్తాడు, అయిపోయింది. లోపల వాళ్ళు ఏం చూశారు, ఏం అనుకున్నారు, ఏ రూల్ కింద ఇచ్చారు, 2025-26 దాకా లీగ్‌లో ఏమీ చెప్పేవాళ్ళు కాదు. ఆ సంభాషణ లైవ్‌లో వినిపించడానికి ఐఎఫ్ఏబీ, అంటే ఆట రూల్స్ రాసే సంస్థ, ఒప్పుకోదు.

నా ఫిర్యాదంతా ఇదొక్కటే. తప్పు చేశారని కాదు.

2023 సెప్టెంబర్ 30 గురించి చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. శనివారం, సోమవారం అక్టోబర్ 2 సెలవు కలిసొచ్చిందని వైజాగ్ నుంచి అక్కా బావా వచ్చారు. బావ ఆర్సెనల్ పిచ్చి. రాత్రి పదింటికి టోటెన్‌హామ్ మీద మా మ్యాచ్, టోటెన్‌హామ్ ఓడితే బావకీ పండగే కాబట్టి ఇద్దరం ఒకే పక్క కూర్చున్నాం. 26వ నిమిషంలో మా కర్టిస్ జోన్స్‌కి ముందు ఎల్లో కార్డ్ ఇచ్చి, వీఏఆర్ పిలిస్తే స్క్రీన్ చూసి రెడ్ చేశారు, సరే. 34వ నిమిషంలో సలా వేసిన బంతి అందుకుని మా లూయిస్ డియాజ్ గోల్ కొట్టాడు. నేను మంచం మీద నుంచి లేచేలోపే లైన్స్‌మన్ జెండా ఎత్తాడు, ఆఫ్‌సైడ్, అంటే పాస్ వదిలిన క్షణానికే డిఫెండర్లని దాటి ముందుకెళ్ళి ఉన్నాడని. సరే వీఏఆర్ చూస్తుంది కదా అని నిలబడే ఉన్నా. కొన్ని సెకన్లలోనే చెక్ కంప్లీట్ అని పడింది, ఆట మొదలైపోయింది. రీప్లే వేస్తే డియాజ్ డిఫెండర్‌ని దాటనే లేదు, ఆన్‌సైడ్‌లోనే ఉన్నాడు, గీత లేకుండానే కంటికి తెలుస్తోంది. బావ టీవీ దగ్గరికెళ్ళి వేలు పెట్టి మరీ చూపిస్తున్నాడు, "గీత ఏదిరా? గీత గియ్యకుండానే ఆఫ్‌సైడ్ అంటారేంటిరా వీళ్ళు? మాకు ఫిబ్రవరిలో ఇదే చేశారు!"

బావ చెప్పింది బ్రెంట్‌ఫర్డ్ మ్యాచ్. 2023 ఫిబ్రవరి 11, ఆర్సెనల్ టేబుల్ టాప్‌లో ఉంది, 1-0 లీడ్‌లో ఉండగా బ్రెంట్‌ఫర్డ్ ఆటగాడు టోనీ గోల్ కొట్టాడు, దానికి ముందు ఆ బంతి అందించిన వాడు ఆఫ్‌సైడ్‌లో ఉన్నాడు, వీఏఆర్‌లో ఉన్నాయన వేరే విషయం చూస్తూ అక్కడ గీత గియ్యడమే మర్చిపోయాడు. మ్యాచ్ 1-1 అయింది. ఆయన కొన్నాళ్ళకే పీజీఎంఓఎల్ వదిలేసి వెళ్ళిపోయాడు. అదే రోజు బ్రైటన్ మ్యాచ్‌లో గీత గీశారు గానీ వేరే డిఫెండర్ మీద గీశారు, ఉన్న గోల్ పోయింది. ఒకే రోజు రెండు.

మా మ్యాచ్‌కి వస్తే, తర్వాత జోటాకి కూడా రెండు ఎల్లోలు పడి బయటికి వెళ్ళాడు, 9 మందితో చివరిదాకా లాక్కొచ్చి 1-1లో ఉండగా ఇంజురీ టైమ్‌లో మాటిప్ కాలికి తగిలి సొంత గోల్‌లోనే పడింది, 2-1 ఓటమి. ఆ రాత్రే పీజీఎంఓఎల్ ఒక ప్రకటన ఇచ్చింది, అది సరైన గోలే, పెద్ద మానవ తప్పిదం జరిగింది అని. అంతే, ఎలా జరిగింది అన్నది లేదు. ఇంక చూడండి, మూడు రోజులు మా లివర్‌పూల్ వాట్సాప్ గ్రూప్‌లో ఎవరికి తోచిన కథ వాళ్ళు రాశారు. అమ్ముడుపోయారని ఒకడు, బెట్టింగ్ మాఫియా అని ఒకడు, మాంచెస్టర్ వాళ్ళ కుట్ర అని ఇంకొకడు. నేనూ రెండు మూడు ఫార్వర్డ్ చేశా, చెయ్యకుండా ఉండాల్సింది. దానికి తోడు ఆ వీఏఆర్ గదిలో కూర్చున్న ఇద్దరూ అంతకు రెండు రోజుల ముందు గురువారం నాడు యూఏఈ లీగ్‌లో మ్యాచ్ చెయ్యడానికి వెళ్ళి వచ్చారని బయటపడింది. సంస్థ పర్మిషన్‌తోనే వెళ్ళారు. అయినా, వేరే దేశంలో జీతానికి గురువారం పనిచేసి, ప్రయాణం చేసి వచ్చి, శనివారం ఇంత పెద్ద మ్యాచ్‌కి కూర్చోబెట్టడం ఏం పద్ధతి? మా షాపులో కుర్రాడు నైట్ డ్యూటీ చేసి వస్తే మర్నాడు పొద్దున్న నేను కౌంటర్‌లో నిలబెట్టను, మందు పేరు ఒక అక్షరం తేడా చదివితే ఏమవుతుందో నాకు తెలుసు.

మంగళవారం అక్టోబర్ 3న ఆడియో బయటపెట్టారు. షాపులో మధ్యాహ్నం గిరాకీ లేని టైమ్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా, ఐదారు సార్లు విన్నా. గీత గీశారు, లోపల సరిగ్గానే గీశారు! ఆటగాడు ఆన్‌సైడ్ అని సరిగ్గానే చూశారు. కానీ వీఏఆర్ ఆయన గ్రౌండ్‌లో గోల్ ఇచ్చారనుకున్నాడు, అందుకని చెక్ కంప్లీట్, పర్ఫెక్ట్ అన్నాడు, గ్రౌండ్‌లో రిఫరీకి అది జెండా కరెక్టే అన్నట్టు వినపడింది. ఆట మొదలైన కాసేపటికి రీప్లే ఆపరేటర్ అడిగాడు, గ్రౌండ్ మీద ఇచ్చింది ఆఫ్‌సైడ్ కదా, మీకిది ఓకేనా అని. అప్పుడు అర్థమైంది వాళ్ళకి. ఆపమని ఒక గొంతు, ఆట ఆపండి అని, వీఏఆర్ మాత్రం ఏం చెయ్యలేం, ఏం చెయ్యలేం అని అదే మాట. నిజమే, ఆట మళ్ళీ మొదలయ్యాక వెనక్కి వెళ్ళడానికి రూల్స్ ఒప్పుకోవు. ఆ గొంతులో వణుకు ఉంది. అది అమ్ముడుపోయినవాడి గొంతు కాదు, చేతిలోంచి సీసా జారిపోయి పగిలినప్పుడు మనిషి నోట వచ్చే గొంతు. ఆ ఆడియో వినేసరికి నాలో కోపం సగానికి పైగా పోయింది. అప్పటి మా కోచ్ క్లాప్ మ్యాచ్ మళ్ళీ ఆడించాలి అన్నాడు, నేను అంతదూరం వెళ్ళను. ఆ 3 పాయింట్లూ ఇచ్చినా మాకు 85 అయ్యేవి, సిటీకి 91, ఆర్సెనల్‌కి 89, మేం మూడో స్థానమే. కానీ ఆ ఆడియో శనివారం రాత్రే వినిపించి ఉంటే మూడు రోజులు లక్షల మంది ఆ మనుషుల్ని దొంగలని తిట్టేవాళ్ళు కాదు కదా. లైవ్‌లోనే వినిపించి ఉంటే ఇంకా మేలు, వాళ్ళు పర్ఫెక్ట్ అన్న క్షణంలోనే ఇక్కడ గుంటూరులో మా బావకి కూడా ఏదో తేడా కొట్టిందని తెలిసిపోయేది, స్టేడియంలో ఎవరో ఒకరు ఆపేవాళ్ళు.

టైటిల్ పోగొట్టిన 11 మిల్లీమీటర్ల మీద నాకు అనుమానం లేదు. టేబుల్‌లో ఏ మార్పూ తీసుకురాని డియాజ్ గోల్ మీద మాత్రం మూడు రోజులు నిద్రపట్టలేదు.

మా షాపులో రోజూ జరిగేదే చెప్తా. డాక్టర్ రాసిన బ్రాండ్ స్టాక్ లేకపోతే అదే కాంపోజిషన్ వేరే కంపెనీది ఇస్తాం. ఏమీ చెప్పకుండా కవర్‌లో పడేస్తే పెద్దావిడ ఇంటికెళ్ళి చూసుకుని మర్నాడు కొడుకుని వెంటేసుకుని వస్తుంది, ఏదో అంటగట్టారని. అదే స్ట్రిప్ రెండు పక్కలా తిప్పి, ఇదిగో అమ్మా మందు పేరు ఇదే, పవర్ ఇదే, ఎక్స్‌పైరీ ఇది, కంపెనీ ఒకటే వేరు అని చూపిస్తే అక్కడికక్కడే అయిపోతుంది. ఇవ్వాల్సిన మందు రెండుసార్లూ ఒకటే.

ఆఫ్‌సైడ్ సంగతి. మొదట్లో ఘోరంగా ఉండేది. 2019 నవంబర్‌లో విల్లా మీద మా ఫిర్మినో గోల్ చంక ఆఫ్‌సైడ్ అని తీసేశారు, చంక! బ్రాడ్‌కాస్ట్ కెమెరా సెకనుకి 50 ఫ్రేములు తీస్తుంది, మనిషి సెకనుకి 8 మీటర్లు పరుగెత్తుతుంటే ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య 16 సెంటీమీటర్లు జరిగిపోతాడు, పాస్ ఏ ఫ్రేములో వదిలాడో చేత్తో ఎంచుకుని మళ్ళీ వెంట్రుకవాసి గీతలు గీస్తే అది కొలత ఎలా అవుతుంది? 2021-22 నుంచి గీతలు లావు చేసి అటాకర్‌కి కొంచెం వెసులుబాటు ఇచ్చారు. 2025 ఏప్రిల్ 12 నుంచి సెమీ ఆటోమేటెడ్ వచ్చింది, స్టేడియం చుట్టూ ఐఫోన్లు బిగించి ఆటగాళ్ళ ఒళ్ళంతా ట్రాక్ చేసి గీత దానంతటదే గీస్తుంది, తర్వాత త్రీడీ బొమ్మ వేస్తారు. ఇది నాకు నచ్చింది, 5కి 4 ఇస్తా. ఒకటి తగ్గించింది ఎందుకంటే గుంపుగా ఉన్నప్పుడు దీనికీ కష్టమే. ఎఫ్ఏ కప్‌లో ట్రయల్ వేసిన వారంలోనే 2025 మార్చి 1న బోర్న్‌మత్, వుల్వ్స్ మ్యాచ్‌లో ఒక కార్నర్ గోల్ చెక్ చెయ్యడానికి 8 నిమిషాలు పట్టింది. ఎనిమిది! ఆ టైమ్‌లో నేను టీ పెట్టుకుని తాగేశా.

హ్యాండ్‌బాల్, పెనాల్టీలకి మాత్రం 2 కన్నా ఎక్కువ ఇవ్వలేను. 2020 సెప్టెంబర్‌లో న్యూకాసిల్ మీద టోటెన్‌హామ్ డిఫెండర్ ఎరిక్ డయర్ వీపు తిప్పి గాల్లో ఉన్నాడు, వెనక నుంచి తల పెట్టిన బంతి వచ్చి చేతికి తగిలింది, బంతి వస్తోందని అతనికి తెలిసే అవకాశమే లేదు, ఇంజురీ టైమ్‌లో పెనాల్టీ. తర్వాత రూల్ మార్చారు, మళ్ళీ మార్చారు, సీజన్ మొదలైనప్పుడల్లా చెయ్యి ఎక్కడ మొదలవుతుంది అని కొత్తగా నేర్చుకోవాలి. పైగా క్లియర్ అండ్ ఆబ్వియస్ అన్న మాట ఒకటి, స్పష్టమైన తప్పయితేనే వీఏఆర్ కలగజేసుకోవాలంట. ఎంత స్పష్టమైతే స్పష్టం? ఒక వారం ఇచ్చింది ఇంకో వారం ఇవ్వరు. గ్రౌండ్‌లో రిఫరీ ఏం చెప్పాడో వినిపిస్తే, ఈయన ఇలా చూశాడు, వీడియోలో అలా లేదు కాబట్టి మార్చాం, లేదా ఈయన చెప్పినట్టే ఉంది కాబట్టి వదిలేశాం అని మనకే అర్థమవుతుంది. అది లేకే ఈ గొడవంతా.

ఇంక రాజకీయం. పీజీఎంఓఎల్ 2001 నుంచి ఉంది, దానికి డబ్బులిచ్చేది ప్రీమియర్ లీగ్, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఎఫ్ఏ, కింది లీగ్‌లు చూసుకునే ఈఎఫ్ఎల్. అంటే ఆట నడిపేవాళ్ళ డబ్బుతోనే ఆట తీర్పు చెప్పేవాళ్ళు కూడా బతకాలి. ఎవరు ఏ మ్యాచ్ చెయ్యాలో కూడా సంస్థే వేస్తుంది. రిఫరీలు తాము ఏ టీమ్ అభిమానులో ముందే రాసివ్వాలి, ఆ టీమ్ మ్యాచ్‌లు వాళ్ళకి ఇవ్వరు. 2024 ఏప్రిల్ 21న నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఎవర్టన్ చేతిలో 2-0 ఓడింది, మూడు పెనాల్టీలు అడిగితే ఒక్కటీ రాలేదు, మ్యాచ్ అవ్వగానే క్లబ్ అఫీషియల్ అకౌంట్ నుంచే, వీఏఆర్‌లో ఉన్నాయన లూటన్ అభిమాని, మ్యాచ్‌కి ముందే మేం చెప్పాం మార్చలేదు అని పోస్ట్ పెట్టారు. అప్పుడు లూటన్, ఫారెస్ట్ రెండూ కింది లీగ్‌కి దిగిపోకుండా కొట్టుకుంటున్నాయి. ఫారెస్ట్‌కి 7,50,000 పౌండ్ల ఫైన్ పడింది. ఫైన్ కరెక్టే, ఒక మనిషి నిజాయితీ మీద అలా రాయకూడదు. కానీ క్లబ్ అడిగిన ప్రశ్నకి జవాబు కూడా కావాలి కదా, సొంత టీమ్‌తో పాటు ఆ టీమ్ తలరాత మార్చే మ్యాచ్‌లు కూడా ఇవ్వకుండా ఉండటం అంత కష్టమా?

రిఫరీ డేవిడ్ కూట్ విషయం మా వాళ్ళకి బాగా గుర్తు. 2020 అక్టోబర్ 17న ఎవర్టన్ కీపర్ పిక్‌ఫర్డ్ మా వాన్ డైక్ మోకాలి మీదికి దూకితే వీఏఆర్‌లో కూట్, ఆఫ్‌సైడ్ చూసి రెడ్ కార్డ్ సంగతి వదిలేశారు, వాన్ డైక్ ఆ సీజన్ మొత్తం పోయాడు. 2024 నవంబర్‌లో క్లాప్‌నీ లివర్‌పూల్‌నీ కూట్ తిడుతున్న పాత వీడియో బయటికొచ్చింది, డిసెంబర్‌లో ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ రోజు పక్షపాతంతోనే వదిలేశాడని నేను అనను, నా దగ్గర రుజువు లేదు. కానీ ఆ వీడియో వచ్చాక పాత మ్యాచ్‌లన్నీ జనం తవ్వారు, ప్రతి దానికీ ఆ రోజు గదిలో ఏమనుకున్నారో ఆడియో ఉండి ఉంటే తవ్వాల్సిన పనే ఉండేది కాదు.

2024 జూన్‌లో వుల్వ్స్ వాళ్ళు వీఏఆర్ తీసేద్దాం అని ప్రతిపాదన పెడితే ఓటింగ్‌లో 19-1, ఒక్క వుల్వ్స్ తప్ప అందరూ ఉండాలన్నారు. వీఏఆర్‌తో సరైన నిర్ణయాలు 82 శాతం నుంచి 96కి పెరిగాయని లీగ్ లెక్క. నేను కూడా తీసెయ్యమనను. తీసేస్తే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, 2024 జూన్ 11న దోహాలో చూశాం. ఖతార్ మీద వరల్డ్ కప్ క్వాలిఫయర్, ఛేత్రి రిటైరయ్యాక మొదటి మ్యాచ్, ఛాంగ్తే గోల్‌తో 1-0 లీడ్‌లో ఉన్నాం, అలాగే ఆగితే మూడో రౌండ్‌కి వెళ్ళేవాళ్ళం, ఎప్పుడూ వెళ్ళని చోటికి. 73వ నిమిషంలో మన కీపర్ గుర్‌ప్రీత్ ఆపిన బంతి పోస్టు పక్కనుంచి గీత దాటి బయటికెళ్ళింది, మనవాళ్ళు కార్నర్ అనుకుని ఆగారు, ఖతార్ వాడు బయట నుంచి కాలితో లోపలికి లాగాడు, ఇంకొకడు గోల్ కొట్టాడు, ఇచ్చేశారు. ఆ రౌండ్‌లో వీఏఆర్ లేదు. 2-1తో ఓడి ఇంటికొచ్చేశాం, కోచ్ స్టిమాచ్ ఉద్యోగం వారంలో పోయింది. బంతి బయట ఉన్న ఫొటో ఫోన్‌లో ఇప్పటికీ ఉంది నా దగ్గర. గుర్‌ప్రీత్ రిఫరీ చుట్టూ తిరుగుతూ బతిమాలుతున్న తీరు చూస్తే గుండె పిండేసినట్టుంది. ఒక్క స్క్రీన్, ఒక్క మనిషి ఉంటే చాలేది.

మన దేశం లీగ్ ఐఎస్ఎల్‌లో కూడా అంతే. 2023 మార్చి 3న బెంగళూరులో నాకౌట్, ఎక్స్‌ట్రా టైమ్‌లో బెంగళూరు తరఫున ఛేత్రి త్వరగా ఫ్రీకిక్ కొట్టేశాడు, కేరళ ఆటగాళ్ళు ఇంకా అడ్డుగోడలా నిలబడనే లేదు, రిఫరీ గోల్ ఇచ్చాడు, కేరళ బ్లాస్టర్స్ కోచ్ టీమ్ మొత్తాన్ని గ్రౌండ్ నుంచి తీసుకెళ్ళిపోయాడు. కేరళకి 4 కోట్లు ఫైన్, కోచ్‌కి 10 మ్యాచ్‌ల బ్యాన్. అక్కడ కూడా రిఫరీ మైక్‌లో ఒక్క మాట, త్వరగా కొట్టుకోవడానికి నేను ఒప్పుకున్నా అనో ఒప్పుకోలేదు అనో చెప్పే ఏర్పాటు ఉంటే అంతదాకా వచ్చేదా?

రిఫరీల్ని తిట్టేవాళ్ళ పక్కన నేను లేను, అది కూడా రాయాలి. హైదరాబాద్ టీమ్ ఇంకా హైదరాబాద్‌లో ఉన్న రోజుల్లో గచ్చిబౌలి స్టేడియంలో ఒక మ్యాచ్ లైన్స్‌మన్ ఉండే సైడ్‌లోనే కూర్చుని చూశా. అతని తల చూడాలి, పాస్ వదిలే కాలు ఒక పక్క, నలభై మీటర్ల అవతల పరుగెత్తే డిఫెండర్ ఇంకో పక్క, రెండూ ఒకే క్షణంలో చూడాలి, పక్కకి పరుగెత్తుతూ చూడాలి. నావల్ల కాదు. మొన్న సంక్రాంతికి మా వీధి కుర్రాళ్ళు టర్ఫ్‌లో ఆడుకుంటూ నన్ను రిఫరీగా నిలబెట్టారు, విజిల్ నోట్లో పెట్టుకున్న పది నిమిషాలకే హ్యాండ్‌బాల్ అని అరుపులు, నాకు ఒక వీపు తప్ప ఏమీ కనపడలేదు. నాకు కనపడలేదురా, అందుకే ఇవ్వట్లేదు అన్నా. గొణిగారు గానీ ఆడుకున్నారు. 2010 వరల్డ్ కప్ ఫైనల్ చేసిన హోవర్డ్ వెబ్ ఇప్పుడు పీజీఎంఓఎల్ పెద్ద, ఆ ఫైనల్‌లో నెదర్లాండ్స్ ఆటగాడు డి యోంగ్ స్పెయిన్ ఆటగాడు అలోన్సో ఛాతీ మీద తన్నితే ఆయన ఎల్లో ఇచ్చాడు, మధ్యలో అడ్డం వచ్చి సరిగ్గా కనపడలేదు, చూసి ఉంటే రెడ్డే అని తర్వాత తనే ఒప్పుకున్నాడు. ఆయనకి తెలుసు. అందుకేనేమో ఆయన వచ్చాక కొన్ని ఆడియోలు టీవీ షోలో వినిపిస్తున్నారు, కానీ అది అయిపోయాక ఎప్పుడో, ఏరి కూర్చిన కొన్ని మాత్రమే. ఈలోపు 2023 యూరోపా ఫైనల్ అయ్యాక రిఫరీ ఆంథొనీ టేలర్ కుటుంబంతో ఎయిర్‌పోర్ట్‌లో ఉంటే జనం మీద పడ్డారు. 2025 జనవరిలో ఆర్సెనల్ కుర్రాడికి రెడ్ ఇచ్చాడని రిఫరీ మైకేల్ ఆలివర్‌కి బెదిరింపులు, పోలీసుల దాకా వెళ్ళింది. ఆ రెడ్ అప్పీల్‌లో కొట్టేశారు, తప్పే, బావ కూడా ఇప్పటికీ మండిపడతాడు, కానీ ఇంట్లో వాళ్ళ జోలికి వెళ్ళడమేంటి? మన తెలుగు పేర్లు కూడా ఆ కామెంట్లలో చూశా, చాలా బాధేసింది.

ఒక్క మార్పు మాత్రం నాకు ఆశ కలిగించింది. 2025 జనవరి 8, కారబావ్ కప్ సెమీఫైనల్, మళ్ళీ అదే టోటెన్‌హామ్, అదే స్టేడియం, మా టైమ్ అర్ధరాత్రి ఒకటిన్నర. పిల్లాడు పడుకున్నాడని సౌండ్ బాగా తగ్గించి టీవీకి దగ్గరగా కూర్చున్నా. టోటెన్‌హామ్ ఆటగాడు సోలంకే గోల్ కొట్టాడు, వీఏఆర్ చూసింది, రిఫరీ ఆట్‌వెల్ నడుముకున్న మైక్ ఆన్ చేసి, రివ్యూ తర్వాత టోటెన్‌హామ్ 19వ నంబర్ ఆఫ్‌సైడ్, గోల్ లేదు అని స్టేడియం మొత్తానికి చెప్పాడు. ఇంగ్లండ్‌లో అలా చెప్పడం అదే మొదటిసారి. రెండే రెండు ముక్కలు, టోటెన్‌హామ్ వాళ్ళు అరిచారు, ఆట సాగింది. తర్వాత అప్పటికే ఒక ఎల్లో ఉన్న టోటెన్‌హామ్ బెర్గ్‌వాల్ మా సిమికాస్‌ని తగిలేసి కింద పడేస్తే రెండో ఎల్లో రాలేదు, రెండో ఎల్లో ఇవ్వకపోతే వీఏఆర్ చూడ్డానికి వీల్లేదు, అదే బెర్గ్‌వాల్ కాసేపటికే గోల్ కొట్టాడు, 1-0 ఓడాం. ఎందుకివ్వలేదో మాత్రం మైక్‌లో చెప్పలేదు. పొద్దున్న షాపు తీస్తుంటే బావ ఫోన్, "ఏంట్రా, మళ్ళీ అన్యాయమేనా?" అని. సోలంకేది కరెక్టే బావా, చెప్పాడు కదా అన్నా. బెర్గ్‌వాల్‌ది మాత్రం అడిగితే నా దగ్గర జవాబు లేదు. 2025-26 నుంచి లీగ్ మ్యాచ్‌ల్లో కూడా ఆ మైక్ పెట్టారు. నిర్ణయం చెప్తున్నారు, లోపలి మాటలు వినిపించేదాకా ఇంకా రాలేదు. వచ్చిన రోజు ఈ 2.5ని 4 చేస్తా.